ఛాతీలో ట్యూబు ఉన్న రోగిని స్కానింగుకు తీసుకెళ్లేటప్పుడు క్లాంపు పెట్టాలా?

ప్రశ్న: కొత్త స్టాఫ్ నర్సు, ఎల్బీనగర్

సీనియర్లందరికీ నమస్కారం. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి ఏడు నెలల క్రితం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. ట్రామా వార్డుకు వచ్చి ఆరు వారాలైంది. మొన్న రాత్రి జరిగిన సంగతి మనసులోంచి పోవడం లేదు.

రోగికి 26 ఏళ్లు. ఇళ్లకు భోజనం పార్సిళ్లు చేరవేసే పని. వానలో హయత్‌నగర్ దగ్గర బండి జారి డివైడర్‌కు కొట్టుకున్నాడు. ఎడమవైపు నాలుగు, ఐదు, ఆరో పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి కుదించుకుపోయింది. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు 28 సైజు ట్యూబు వేశారు. వేయగానే గాలి బుస్సున వచ్చింది, దాంతోపాటు 150 మిల్లీలీటర్ల దాకా రక్తం. వార్డుకు చేరేసరికి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96. ఊపిరి వదిలినప్పుడల్లా, ట్యూబుకు కలిపిన గొట్టం కొస మునిగి ఉండే నీళ్ల సీసాలో బుడగలు వస్తున్నాయి.

రాత్రి పదకొండున్నరకు సీటీ స్కాన్‌కు పిలిచారు. వార్డు బాయ్ సీసాను స్ట్రెచర్ మీదే, రోగి కాళ్ల మధ్య పెట్టాడు. "సీసా ఒరిగితే నీళ్లు ఛాతీలోకి పోతాయి, క్లాంపు పెట్టి తీసుకెళ్లు" అన్నారు మా సీనియర్ సిస్టర్. గొట్టాన్ని బిగించి మూసే ఆ క్లాంపు పెట్టాను. లిఫ్టు రావడానికి ఐదారు నిమిషాలు పట్టింది. లిఫ్టు తలుపులు మూసుకోగానే అతను నా మణికట్టు పట్టుకుని "అక్కా, ఊపిరి..." అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. చూస్తే శాచురేషన్ 84, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఏం చేయాలో తోచలేదు. చేతికి అందింది క్లాంపు, అది తీసేసి సీసాను నేల మీద పెట్టాను. అంతసేపూ ఆగిన గాలంతా ఒక్కసారిగా నీళ్లలోకి వచ్చింది. రెండు మూడు నిమిషాల్లో 93కు చేరాడు.

ఆ రాత్రి నుంచి అతను నన్ను చూసి నవ్వుతున్నాడు, నాకు మాత్రం అతని ముఖం చూడాలంటే ధైర్యం చాలడం లేదు. నేను తప్పు చేశానా? క్లాంపు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు? సీసా చూసి లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి? దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: క్యాజువాల్టీ హెడ్ నర్సు, 24 ఏళ్ల సర్వీసు

చెల్లీ, క్లాంపు పెట్టడం తప్పే. కానీ అతని ఊపిరి ఆగుతున్నప్పుడు డాక్టరు కోసం ఫోను వెతుక్కోకుండా ముందు దాన్ని తీసేశావు. ఆ క్షణంలో చేయాల్సింది అదే. అతని ముఖం చూడటానికి భయపడకు. వెళ్లి పక్కన కూర్చో, ఆ రోజు ఏం జరిగిందో అతనికి అర్థమయ్యేలా చెప్పు.

బుడగలు వస్తున్న ట్యూబుకు క్లాంపు పెట్టకూడదు. సీటీకైనా, ఎక్స్‌రేకైనా, థియేటరుకైనా, పక్క గదికైనా అంతే. బుడగలు వస్తున్నాయంటే ఊపిరితిత్తికి పడిన చిల్లు ఇంకా మూసుకోలేదు. శ్వాస శ్వాసకూ కొంత గాలి ఆ చిల్లులోంచి వచ్చి ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య చేరుతుంది. బయటపడటానికి దానికి ఉన్న దారి ఆ ట్యూబు ఒక్కటే. అది మూస్తే గాలి పేరుకుపోయి మొదట ఊపిరితిత్తిని, ఆ తర్వాత గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరలను నొక్కుతుంది. అందుకే మెడ నరాలు ఉబ్బడం నువ్వు చూశావు. దీన్నే టెన్షన్ న్యూమోథొరాక్స్ అంటాం. దీని తర్వాతి మెట్టు బీపీ పడిపోవడం. వెంటిలేటర్ మీద ఉన్న రోగికైతే యంత్రమే గాలిని లోపలికి నెడుతుంది కాబట్టి ఇదంతా ఇంకా వేగంగా జరిగిపోతుంది.

మీ సీనియర్ భయం అబద్ధం కాదు. సీసా ఛాతీ కంటే ఎత్తుకు లేస్తే అందులోని నీరు, రక్తం వెనక్కి పోతాయి. నేను కళ్లారా చూశాను. సర్వీసులో చేరిన కొత్తలో, గాజు సీసాల కాలంలో, నల్గొండ వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. ఎడ్లబండి మీద నుంచి పడ్డాడు. వార్డంతా నేల మీద పడుకున్న అటెండెంట్లతో నిండి ఉంది. కింద పెడితే ఎవరి కాలైనా తగులుతుందని అతని తల్లి ఆ సీసాను భద్రంగా ఎత్తి కొడుకు దిండు పక్కన పెట్టింది, తన కొంగు కూడా కప్పింది. నేను మందుల ట్రేతో వెళ్లేసరికి గొట్టంలో ఎర్రటి నీరు జానెడు జానెడుగా అతని ఛాతీకేసి ఎక్కుతోంది. ట్రే వదిలేసి సీసా దించాను. ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ సీసా ఎందుకు కింద ఉండాలో ఆమెకు చెప్పని వాళ్లం మేమే. ఆ రోజు నుంచి ట్యూబు వేసిన ప్రతి రోగి ఇంటివాళ్లకూ నేనే స్వయంగా చెబుతున్నాను: "అమ్మా, ఇది మంచం కంటే కిందే ఉండాలి. స్నానానికి వెళ్లినా, నడిచినా మోకాళ్ల దగ్గరే పట్టుకోవాలి. ఒరగకూడదు."

కాబట్టి మీ సీనియర్ భయానికి విరుగుడు సీసాను కింద ఉంచడం. మేము రోగిని కదిలించేటప్పుడు స్ట్రెచర్ తోసే మనిషి వేరు, సీసా పట్టుకునే మనిషి వేరు. పట్టుకునేది నర్సే. బయలుదేరే ముందు, ఛాతీ ట్యూబూ సీసా గొట్టమూ కలిసే జాయింటు దగ్గర ప్లాస్టర్ ఊడిందేమో చేత్తో తడిమి చూస్తాం. గొట్టం స్ట్రెచర్ కమ్మీలో ఇరుక్కోకుండా కొంచెం వదులుగా ఉంచి దుప్పటికి పిన్ను పెడతాం. లిఫ్టు గడప దగ్గర చక్రం ఎగిరినప్పుడే గొట్టం లాగేసుకుంటుంది, అక్కడ ఆగి దాటించాలి. వెంట ఒక స్టెరైల్ సెలైన్ సీసా, గాజు గుడ్డ, ప్లాస్టర్ తీసుకెళ్తాం. దారిలో జాయింటు ఊడితే గొట్టం కొసను సెలైన్‌లో రెండు సెంటీమీటర్లు ముంచి పట్టుకుంటే చాలు, తాత్కాలికంగా అదే సీలు. ట్యూబే ఛాతీలోంచి జారిపోతే గాయం మీద గాజు పెట్టి మూడువైపులా ప్లాస్టర్ అంటించి, నాలుగో వైపు వదిలి, డాక్టర్ను పిలవాలి.

ఇంకో సంగతి చాలా మందికి తట్టదు. సక్షన్‌కు (గాలిని బయటికి లాగే యంత్రానికి) కలిపి ఉన్న సీసాతో రోగిని తరలించేటప్పుడు సక్షన్ మీట మాత్రం ఆపి పైపు అలాగే వదిలేస్తారు. అప్పుడు సీసాలోంచి గాలి బయటికి పోయే రంధ్రం మూసుకున్నట్టే, అంటే క్లాంపు పెట్టినట్టే. సక్షన్ ఆపితే దాని పైపును సీసా నుంచి ఊడదీసి ఆ రంధ్రం తెరిచి ఉంచాలి.

ఇక సీసా చూడటం. డ్యూటీ మారేటప్పుడు "ఐసీడీ (ఛాతీ ట్యూబు) ఉంది, బాగానే ఉంది" అని చెబితే నేను హ్యాండోవర్ తీసుకోను. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని కళ్లు నీటి మట్టానికి సమానంగా పెట్టి ఒక నిమిషం చూడాలి. గొట్టంలోని నీరు శ్వాసతో పాటు కదలాలి. తనంతట తాను ఊపిరి తీసుకునే రోగికి పీల్చినప్పుడు నీరు పైకి ఎక్కుతుంది, వదిలినప్పుడు దిగుతుంది. వెంటిలేటర్ మీద ఇది తిరగబడుతుంది. దీన్నే మనం కాలమ్ కదలిక అంటాం. అది ఆగిందంటే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకునైనా ఉండాలి, ట్యూబు మూసుకుపోయైనా ఉండాలి. మొదటి రోజునే ఆగితే రెండోదే అనుకో. రోగి ఒళ్లు కింద గొట్టం నలిగిందా, మెలిక పడిందా, గడ్డకట్టిన రక్తం అడ్డుపడిందా చూసి, కారణం దొరకకపోతే వెంటనే డాక్టరుకు చెప్పు. గడ్డ ఉందని గొట్టాన్ని వేళ్లతో బిగించి బలంగా పిండుతూ లాగకు. ఆ లాగుడుకు ఛాతీలో ఊపిరితిత్తి మీద విపరీతమైన పీడనం పడుతుంది. నేను నేర్చుకున్న రోజుల్లో అలాగే చేయమనేవారు. ఇప్పుడు చేయను, చేయనివ్వను.

బుడగలు ఊపిరి వదిలినప్పుడో, దగ్గినప్పుడో వస్తే చిల్లు ఇంకా ఉంది. రెండు రోజుల తర్వాత దగ్గితేనే వస్తున్నాయంటే మానుతోంది. అన్నం ఉడుకుతున్నట్టు ఆగకుండా కుతకుతమంటుంటే పెద్ద చిల్లైనా ఉండాలి, ఎక్కడో జాయింటైనా వదులై ఉండాలి. ఛాతీకి దగ్గరగా గొట్టాన్ని వేళ్లతో రెండు సెకన్లు నొక్కి చూడు, అంతకు మించి వద్దు. బుడగలు ఆగితే గాలి రోగి వైపు నుంచే వస్తోంది. ఆగకపోతే లోపం నీ వేళ్లకూ సీసాకూ మధ్యనే ఉంది, జాయింట్లు సరిచూడు. చర్మం దగ్గర ట్యూబు మీద సెంటీమీటర్ల అంకె కేస్ షీట్‌లో రాసి ఉండాలి. అది మారితే ట్యూబు జారిందని అర్థం, దాని పక్క రంధ్రం చర్మం బయటికి వచ్చి ఉండవచ్చు. పూట పూటకూ అరచేత్తో ఛాతీ, మెడ తడుము. చర్మం కింద మరమరాలు నొక్కినట్టు చిటచిటమంటే గాలి అక్కడికి పాకుతోంది. ఎంతవరకు పాకిందో పెన్నుతో గీత గీసి, టైము వేసి డాక్టరుకు చూపించు.

కొలత గురించి కూడా. సీసాలో మనం ముందే పోసిన నీటిని తీసేసి రాయాలి. దాన్ని కూడా కలిపి 500 మిల్లీలీటర్లు రక్తం వచ్చిందని రాసి థియేటరు సిద్ధం చేయించిన సందర్భం నేను చూశాను. సీసా మీద ప్లాస్టర్ పట్టీ అంటించి ప్రతి గంట మట్టానికీ గీత, టైము వెయ్యి. ఒకే సీసా వాడేచోట రక్తం చేరేకొద్దీ గొట్టం కొస లోతుకు మునుగుతుంది. రెండు సెంటీమీటర్లు ఉండాల్సింది పది అయితే ఆ బరువును నెట్టుకుని గాలి బయటికి రావాలంటే రోగికి కష్టం. అప్పుడు సీసా మార్చాలి. మార్చే ఆ కొద్ది సెకన్లు మాత్రం గొట్టం మూసి పట్టుకోవచ్చు, కొత్త సీసా సిద్ధంగా పక్కన పెట్టుకున్నాకే.

జవాబు: సర్జరీ పీజీ, మూడో సంవత్సరం

సిస్టర్ గారు చెప్పినదాన్ని మా యూనిట్ గోడ మీద అంటించాలనిపించింది. క్లాంపు అలవాటు గురించి ఒక మాట. ఒకవైపు ఊపిరితిత్తిని మొత్తంగా తీసేసిన ఆపరేషన్ తర్వాత ట్యూబుకు క్లాంపు పెట్టి ఉంచి అప్పుడప్పుడు తెరవడం ఉంది. అక్కడ గాలి కారే ఊపిరితిత్తే ఆ వైపు లేదు. చాలా రోజులుగా పేరుకున్న నీరు తీసేటప్పుడు ఒకటిన్నర లీటరు దగ్గర కాసేపు ఆపడమూ ఉంది. ఎందుకంటే రోజుల తరబడి ముడుచుకున్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే అందులోనే నీరు చేరి రోగికి ఆగని దగ్గు, నురగ కఫం వస్తాయి. పక్కటెముక విరిగితే నాటుకట్టు కట్టించుకుని నాలుగైదు రోజుల తర్వాత ఆయాసంతో వచ్చే వారిని మేమూ చూస్తున్నాం, వారి విషయంలో ఈ జాగ్రత్త అవసరం. ఈ రెండు సందర్భాల్లో క్లాంపు చూసినవారు ప్రతి ట్యూబుకూ అదే పద్ధతి అనుకుంటారు. మీ రోగి పరిస్థితి ఈ రెండింటిలో ఏదీ కాదు.

రక్తం విషయంలో మమ్మల్ని నిద్ర లేపాల్సిన అంకెలు ఇవి. ట్యూబు వేయగానే 1500 మిల్లీలీటర్లు దాటినా, ఆ తర్వాత గంటకు 200 చొప్పున రెండు నుంచి నాలుగు గంటలు వస్తూనే ఉన్నా ఛాతీ తెరవాల్సి రావచ్చు. వస్తున్న రక్తం హఠాత్తుగా ఆగితే సంతోషించకండి. నాడి వేగం పెరుగుతూ సీసాలో ఏమీ రాకపోతే రక్తం లోపలే గడ్డకడుతోందేమో. ఎక్స్‌రేలో గడ్డలు మిగిలిపోయినట్టు తేలితే చీము పట్టకముందే, మొదటి వారంలోనే కెమెరాతో శుభ్రం చేయడం మంచిది.

ట్యూబు తీయడానికి మేము చూసేవి: దగ్గించినా బుడగ రాకుండా ఒక రోజు గడవాలి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోవాలి, 24 గంటల్లో వచ్చే ద్రవం 200 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉండాలి. నిండా పీల్చి బిగబట్టమని కొందరు, పూర్తిగా వదిలి ఆగమని కొందరు అంటారు. రెంటినీ పోల్చి చూసినప్పుడు పెద్ద తేడా కనపడలేదు. లాగే క్షణంలో రోగి ఉలిక్కిపడి గాలి పీల్చకూడదు, అంతే ముఖ్యం. అందుకని ముందే రెండుసార్లు అభ్యాసం చేయిస్తాం. ఒకరు లాగుతారు, ఒకరు కుట్టు బిగిస్తారు.

జర్మనీలోని హాంబర్గ్‌లో బ్యూలౌ అనే వైద్యుడు 1875లో ఛాతీలోని చీము తీయడానికి నీటి కింద గొట్టం ముంచే ఈ పద్ధతి మొదలుపెట్టారు. మన వార్డులో సీసా ప్లాస్టిక్‌దైంది గానీ, గాలి నీటిలోంచి బయటికి పోతుంది, వెనక్కి రాలేదు అనే సూత్రం అదే.

జవాబు: స్కూలు టీచరు, దిల్‌సుఖ్‌నగర్

నేను వైద్యరంగం వాణ్ని కాదు. గత ఏడాది చాదర్‌ఘాట్ వంతెన దగ్గర స్కూటరు మీద నుంచి పడి ఆరు రోజులు ఈ ట్యూబుతో ఉన్నాను. రోగి వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది.

విరిగిన ఎముక కంటే ట్యూబు ఉన్న చోటే ఎక్కువ బాధించింది. ప్రతి శ్వాసకూ లోపల ఏదో గీసినట్టుండేది. ఆ భయంతో పైపైన ఊపిరి తీసుకుంటూ, దగ్గు వస్తే అణచుకుంటూ రెండు రోజులు కదలకుండా పడుకున్నాను. మూడో రోజు జ్వరం వచ్చింది. అప్పుడు ఒక సిస్టర్ వచ్చి, నొప్పి మందు వేళకు అడగకపోవడం నా తప్పని చెప్పి, ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకు నన్ను లేపి కూర్చోబెట్టింది. దిండును గాయం మీద రెండు చేతులతో అదిమి పట్టుకుని దగ్గమంది. దగ్గాను. నొప్పి సగమే అనిపించింది. మూడు బంతుల స్పైరోమీటరు చేతికిచ్చి గంటకు పదిసార్లు పీల్చమంది. మొదటి రోజు ఒక్క బంతి కూడా సరిగ్గా లేవలేదు. ఐదో రోజుకు రెండు లేచాయి. సీసా చేత్తో పట్టుకుని నా భార్యతో కలిసి వార్డు చివరి కిటికీ దాకా నడిచేవాణ్ని.

బుడగలు వస్తుంటే ప్రాణం పోతోందనుకున్నాను, ఆగిపోతే ట్యూబు పాడైందనుకున్నాను. ఎవరైనా రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఆ రాత్రులు నిద్ర పట్టేది. అమ్మా, మీ రోగికి దయచేసి చెప్పండి. మా అమ్మాయి దుబాయ్‌లో ఉంటుంది, చూడటానికి వెళ్తానంటే, ఎక్స్‌రేలో పూర్తిగా మానిందని తేలాక కనీసం రెండు వారాలు విమానం ఎక్కవద్దన్నారు డాక్టరు. ఆ అబ్బాయికి ప్రయాణాలుంటే అదీ చెప్పండి.

ప్రశ్న అడిగిన కొత్త స్టాఫ్ నర్సు:

అక్కయ్యకూ, డాక్టరు గారికీ, మాస్టారు గారికీ కృతజ్ఞతలు. ఆ అబ్బాయి పక్కన కూర్చుని అంతా చెప్పాను. క్లాంపు నేనే పెట్టానని కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తీసింది కూడా మీరే కదక్కా" అని, బుడగలు ఎందుకు వస్తాయో మళ్లీ చెప్పమన్నాడు. ఇప్పుడు తానే మట్టం చూసి గీత దాటిందో లేదో చెబుతున్నాడు. జరిగినదంతా టైముతో సహా కేస్ షీట్‌లో రాశాను, మా ఇన్‌చార్జి సిస్టర్‌కూ చెప్పాను. మా సీనియర్ సిస్టర్ ఈ జవాబులు చదివారు. నిన్న ఎక్స్‌రేకు వెళ్లేటప్పుడు తానే సీసా పట్టుకుని లిఫ్టు దాకా వచ్చారు.

దగ్గినా బుడగలు రావడం ఆగి ఒక రోజు దాటింది. నిన్నటి ద్రవం 60 మిల్లీలీటర్లు. రేపు ఉదయం రౌండ్స్‌లో ట్యూబు తీస్తామన్నారు. తీశాక నేను ఏం చూడాలి?

క్యాజువాల్టీ హెడ్ నర్సు:

తీసే ముందు నొప్పి మందు పడిందో లేదో చూసుకో, పని చేయడానికి సమయమివ్వు. తీశాక మొదటి గంట పావుగంటకోసారి శ్వాసల లెక్క, శాచురేషన్, నాడి రాయి. రెండువైపులా ఛాతీ సమానంగా లేస్తోందా చూడు. డ్రెస్సింగ్ చుట్టూ అరచేయి పెట్టి మరమరాల చప్పుడు వెతుకు. కొద్ది గంటల్లో ఎక్స్‌రే తీయించి, అది డాక్టరు చూసేదాకా వదలకు. డ్రెస్సింగ్ రెండు రోజులు విప్పొద్దని ఇంటివాళ్లకు చెప్పు. ఇంటికెళ్లాక ఆయాసం వచ్చినా, ఆ వైపు పోటు పెట్టినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయమను. అతనికి సిగరెట్ అలవాటుందేమో అడిగావా?